గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: హెచ్‌పీవీ, నివారణ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసుల్లో దాదాపు అన్నిటికీ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). ఈ సంబంధాన్ని వెలికితీసిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది. లైంగిక సంపర్కం వల్ల సోకే ఈ వైరస్ చాలామంది స్త్రీలలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కాబట్టి పరీక్షలో వైరస్ కనబడితే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. నడవడిక మీద తీర్పు అసలే కాదు. ముఖ్యంగా 16, 18 రకాలు ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తే కణాలు మారతాయి. ఆ మార్పు ముదిరి క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. నివారణకు దొరికే వ్యవధి అదే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా గ్రామాల్లో 30-59 ఏళ్ల స్త్రీలపై జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

హెచ్‌పీవీని అడ్డుకునే టీకా మాటెత్తితే ఖమ్మం గుర్తుకొస్తుంది. అక్కడ 2009లో 10-14 ఏళ్ల బాలికలకు టీకా వేశారు. కొన్ని మరణాల తర్వాత 2010లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టడం మాత్రం తీవ్రమైన తప్పే. అయితే అది అమలులోని లోపం, మందులోది కాదు. టీకా వేశాక పరీక్ష దేనికన్న వాదనా నిలవదు: టీకా అన్ని రకాలనూ ఆపదు, అప్పటికే సోకిన వైరస్‌ను తొలగించదు.