ఇంటికి దీపం, దీపానికి ఇల్లాలు

కార్తీకమాసం అయిపోయిన మర్నాడు మన ఇళ్లలో పోలి స్వర్గం కథ చెప్పుకుంటాం. కథ మీ అందరికీ తెలిసిందే. అత్తగారు పెద్ద కోడళ్లను వెంటబెట్టుకుని తెల్లవారుజామున నదికి వెళ్తుంది. చిన్న కోడలు పోలిని మాత్రం ఇంట్లోనే వదిలేస్తుంది. దీపం పెట్టుకోవడానికి వీల్లేకుండా సరంజామా అంతా దాచేసి మరీ వెళ్తుంది. పోలి ఏడుస్తూ కూర్చోలేదు. పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుంది. కవ్వానికి అంటుకున్న వెన్న తీసి ఆ వత్తికి రాసింది. దీపం వెలిగించి, ఎవరి కంటా పడకుండా పైన బుట్ట బోర్లించింది. నెల తిరిగేసరికి స్వర్గం నుంచి విమానం వచ్చింది పోలి కోసమే.

ఈ కథను భక్తి కథగానే వింటాం, అది సరే. కానీ నాకు మన ఆడవాళ్ల చేతిపని చరిత్రకు ఇదే మొదటి పుట అనిపిస్తుంది. ఆ దీపంలో కొన్న వస్తువు ఒక్కటీ లేదు. రాలిన పత్తి, మిగిలిన వెన్న, ఇంట్లో ఉన్న బుట్ట. చేతిలో చిల్లిగవ్వ లేని ఒక ఇల్లాలు తన ఇంటికి తానే వెలుగు చేసుకుంది.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అన్న సామెతను ఇప్పుడు రాజకీయాలకూ ఉద్యోగాలకూ వాడేస్తున్నారు. అసలు అది అచ్చంగా ఆడవాళ్ల సామెత. ప్రమిదలో నూనె ఎంతుందో అంతసేపే రాత్రి. ఆలోపు పిల్లలకు అన్నం పెట్టాలి, గిన్నెలు సర్దాలి, పాలు తోడుపెట్టాలి, పక్కలు వేయాలి. నూనె అయిపోతే పని ఆగిపోతుంది. దీపాన్ని కొలతగా పెట్టుకుని బతికిన వాళ్ల నోటి నుంచి తప్ప అలాంటి మాట రాదు.

ఆ నూనె కూడా ఊరికే వచ్చేది కాదు. మన మెట్టప్రాంతాల్లో, ముఖ్యంగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అప్పట్లో ఆముదం పంట ఎక్కువగా ఉండేది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అని నవ్వుతాం గానీ, రాత్రిపూట ఎన్నో ఇళ్లకు అదే దిక్కు. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను జాగ్రత్తగా తీసేవారు. ఆముదం చిక్కగా ఉంటుంది కాబట్టి దీపం నిదానంగా, నిలకడగా వెలుగుతుంది. ఆ దీపం మీద ఇత్తడి మూకుడు బోర్లిస్తే పట్టిన మసే పిల్లలకు కాటుక. ఒక్క ప్రమిదతో ఇంటికి వెలుగూ, కంటికి అలంకారమూ.

పాత మట్టిగోడల్లో దీపం కోసం ఒక గూడు వదిలేవారు. గాలి తగలకుండా అదే అడ్డు. దాని చుట్టూ ఎర్రమన్ను పూసి, సున్నంతో చుక్కలు పెట్టి, పండగకు పసుపు రాసి దాన్ని ముస్తాబు చేసేది ఇల్లాలే. అప్పట్లో ఇంటి అలంకరణకు వేరే ఖర్చంటూ లేదు. బియ్యప్పిండి ముగ్గయింది, మామిడాకు తోరణమైంది, ఉసిరికాయా అరటిదొప్పా కార్తీకంలో ప్రమిదలయ్యాయి. తెలంగాణలో చేలగట్ల మీద పూసిన తంగేడు, గునుగు పూలే బతుకమ్మ అయ్యాయి. తెల్లటి గునుగుకు రంగులద్ది వరసలు పేర్చడంలో ఎంత లెక్క, ఎంత కళ్ల నేర్పు ఉందో పేర్చిన చేతులకే తెలుసు.

తర్వాత కిరసనాయిలు వచ్చింది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో నూనెబావి తవ్వాక, ఆ శతాబ్దం చివరికి అమెరికా, రష్యా, బర్మాల నుంచి కిరసనాయిలు మన దేశానికి చేరింది. సుమారు 18 లీటర్లు పట్టే నలుచదరపు రేకు డబ్బాల్లో, రెండేసి డబ్బాలు ఒక చెక్కపెట్టెలో పెట్టి పంపేవారు. నూనె మండిపోయింది గానీ డబ్బా మన ఇళ్లలో ఉండిపోయింది. నీళ్లు మోసింది, బియ్యం దాచింది, విప్పి పరిస్తే పాక మీద కప్పయింది. రేకుపనివాళ్ల చేతిలో దీపమూ అయింది.

రేకు దీపం కొనలేని ఇంట్లో సీసా ఉంది. సిరాబుడ్డో, మందు సీసానో తీసుకుని, మూతకు మేకుతో చిల్లు పెట్టి, పాతగుడ్డ పేలిక మెలితిప్పి దూరిస్తే బుడ్డిదీపం తయారు. తెలంగాణలో ఎక్కబుడ్డి అంటారు. కాస్త కలిగిన ఇంట్లో లాంతరు ఉండేది. సాయంత్రమయ్యేసరికి దాని గాజు చిమ్నీని ముగ్గుపిండితోనో బూడిదతోనో తుడవడం ఆడపిల్లల పని. మగవాళ్ల చేయి పట్టదు, ఆడపిల్లల చేయి సన్నం అనేవారు. పనిని మనకు అప్పగించడానికి మన చేతుల్ని మెచ్చుకోవడం కొత్తేమీ కాదు కదా!

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా దాటేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టే. బుడ్డిదీపాన్ని తలుచుకుని ఆ రోజులే వేరు అంటుంటాం. కానీ ఆ బుడ్డి తేలిగ్గా ఒరిగిపోయేది. మూత ఊడేది. నూనె ఒలికి చీరకంటుకునేది. పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్లూ, దీపం ముందు చదువుకునే పిల్లలూ కాలిపోయేవారు. పేదింటి చేతిపనిలో తెలివి ఎంత ఉందో, ప్రమాదమూ అంత ఉంది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. పొరుగున శ్రీలంకలోనూ ఇలాంటి సీసాదీపాలే వాడేవారు. అక్కడి శస్త్రవైద్యుడు విజయ గోడకుంబుర ఇలా కాలిపోయి వచ్చినవాళ్లకు వైద్యం చేసీ చేసీ, తప్పు మనుషులది కాదు, దీపం ఆకారానిది అని గ్రహించాడు. పొట్టిగా, బరువుగా, దళసరి గాజుతో ఒక దీపం రూపొందించాడు. ఒరిగినా దొర్లకుండా రెండు పక్కలా చదునుగా ఉంటుంది. నూనె ఒలకకుండా మరమూత ఉంటుంది. 1992లో మొదలుపెట్టిన ఈ పనికి 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. ఖరీదైన యంత్రమేమీ లేదు అందులో. ఉన్న వస్తువునే జాగ్రత్తగా చూడటం, అంతే. ఇంట్లో ఏది చేసుకున్నా అందంకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగాడు: ఇది పడితే ఏమవుతుంది?

వెలుగు సంగతి అలా ఉంటే, గోడల సంగతి మరోలా నడిచింది. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక, లక్ష్మీ సరస్వతుల రంగుల పటాలు సామాన్యుల ఇళ్లకూ వచ్చాయి. ఆ అచ్చుబొమ్మలకు ఆడవాళ్లు గుడ్డముక్కలతో చీర కట్టారు, జరీ అంచు కుట్టారు, తళుకులు అద్దారు. ఇలా ముస్తాబైన పటాలు ఇప్పుడు మ్యూజియాల్లో, సేకరణల్లో ఉన్నాయి. పటం కింద రవివర్మ పేరుంటుంది. చీర కట్టిన చేతి పేరు ఎక్కడా ఉండదు. మన అమ్మలు అల్లిన వైరుబుట్టలు, గుమ్మానికి వేలాడిన పూసల తెరలు, పాతచీరల బొంతలు కూడా అంతే. "ఖాళీగా ఉండి ఏదో చేసింది" అన్న ఒక్కమాటలో అదంతా కొట్టుకుపోయింది. పొద్దున్న నాలుగింటికి లేచే మనిషికి ఖాళీ ఎక్కడిదో ఎవరూ అడగలేదు.

కరెంటు వచ్చాక దీపాల కథ అయిపోయిందనుకుంటాం. కానీ 2001 జనాభా లెక్కల్లో కూడా దేశంలో నూటికి 43 ఇళ్లకు కిరసనాయిలే వెలుగు. 2011 నాటికీ అది 31 దగ్గర ఉంది. అంటే బుడ్డిదీపం మరీ పాతకాలపు ముచ్చటేమీ కాదు, మన కళ్లముందరిదే.

ఇప్పుడు నిమ్మలకుంట సంగతి. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ ఊరు తోలుబొమ్మలకు పేరుపడింది. ఒకప్పుడు తెల్లగుడ్డ తెర వెనక దీపాలు పెట్టి, మేకతోలు మీద చెక్కి రంగులు వేసిన బొమ్మల్ని రాత్రంతా ఆడించేవారు. సినిమా వచ్చాక ఆటలు తగ్గాయి. అప్పుడా కుటుంబాలు అదే తోలుతో, అవే రంగులతో దీపాలకు గొడుగులు చేయడం మొదలుపెట్టాయి. 2020లో ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. వాళ్ల పనిలోంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అందం బల్బులో లేదు, దాని ముందున్న చిల్లుల్లో ఉంది. వెలుగును కాస్త ఆపి, కాస్త వదిలితే గోడ మీద బొమ్మ పడుతుంది.

మన అమ్మమ్మలకు లేని వీలు ఒకటి మనకుంది. వాళ్లకు వెలుగంటే నిప్పే. ఎల్‌ఈడీ వచ్చాక వెలుగు వేరు, నిప్పు వేరు అయ్యాయి. అందుకే ఇప్పుడు దీపాన్ని భయం లేకుండా అలంకరించుకోవచ్చు. ఒక మేదరి బుట్ట కొనండి. అడుగున హోల్డరు పట్టేంత రంధ్రం చేయండి. వైరు, ప్లగ్గు బిగించి ఉన్న హోల్డరు దొరుకుతుంది, దాన్ని పైనుంచి దింపి, 3 నుంచి 5 వాట్ల పసుపు కాంతి ఎల్‌ఈడీ బల్బు పెట్టి, బుట్టను బోర్లా వేలాడదీయండి. సాయంత్రం గదినిండా వెదురు అల్లిక నీడ పరుచుకుంటుంది. పోలి బోర్లించిన బుట్టకు వరసకు ఇది మనవరాలే! ఇలాంటి గొడుగుల్లో వేడెక్కే పాత ఫిలమెంట్ బల్బు గానీ కొవ్వొత్తి గానీ పెట్టకండి. వైర్లు సొంతంగా అతకకండి. తడి తగిలేచోట వద్దు. పడుకునే ముందు స్విచ్ ఆపండి.

ఇంటికి దీపం ఇల్లాలు అంటూ మనల్ని దీపంతో పోల్చారు, సంతోషమే. కానీ పోలిక కన్నా పని పెద్దది. నూనె తీసింది, వత్తి చేసింది, చిమ్నీ తుడిచింది, కాలిన చేతికి వెన్న రాసుకుని మర్నాడు మళ్లీ వెలిగించింది కూడా ఆ ఇల్లాలే. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మనో అత్తయ్యనో కూర్చోబెట్టి అడగండి: చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ దీపం ఉండేది, ఎవరు చేసేవారు, గోడ మీద ఏం వేలాడేది అని. ఆమె చెప్పింది ఒక నోటుపుస్తకంలో రాసి, కింద ఆమె పేరు, ఊరు, తేదీ వేయండి. పటాల కింద రాయకుండా వదిలేసిన పేర్లను ఇకనైనా మనమే రాసుకుందాం.