కళాశాల ఫుట్‌బాల్ పాలన (తెలంగాణ)

కళాశాల ఫుట్‌బాల్ పాలన అంటే విద్యార్థి జట్ల ఎంపిక, అర్హత, పోటీల నిర్వహణ, నియమాల అమలు చూసే వ్యవస్థ. ఉదాహరణకు, ఖమ్మం జిల్లా కల్లూరు ప్రాంతపు డిగ్రీ కళాశాలలు 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. అంతర్ కళాశాల పోటీలను విశ్వవిద్యాలయమే జరుపుతుంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం కిందకు వస్తాయి. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా పుట్టిన ఈ సంఘానికి ప్రస్తుత పేరు 1973లో వచ్చింది.

మైదానంలో ఆట నియమాలు 1886లో ఏర్పడిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘ మండలి రూపొందించేవి. వాటిని రిఫరీ అమలు చేస్తాడు. వివాదాలు ఎక్కువగా మైదానం బయటివే: వయసు, ప్రవేశం, హాజరు పత్రాలు. నిషేధిత ఉత్ప్రేరకాల (డోపింగ్) నియంత్రణకు భారత్‌లో 2022లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలతో ఈ స్థాయి పోటీలకు ప్రాధాన్యం పెరిగింది.

జాతీయ స్థాయిలో చూస్తే, 2022 ఆగస్టులో బయటి జోక్యం కారణంగా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసి, ఆ సస్పెన్షన్‌ను ఆ నెల 26న ఎత్తివేసింది. పాలనాలోపం ఆటగాళ్లనే దెబ్బతీస్తుందని ఇది స్పష్టం చేసింది. జాతీయ క్రీడా పాలన చట్టానికి 2025 ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అది జాతీయ క్రీడా మండలికి, వివాదాల ట్రిబ్యునల్‌కు వీలు కల్పించింది. ఈ చట్టం ప్రధానంగా జాతీయ క్రీడా సంస్థలను ఉద్దేశించినది. కాబట్టి కళాశాల స్థాయిలో నియమాల తొలి అమలు బాధ్యత విశ్వవిద్యాలయాలదే.