గడి నుండి గేటు వరకు

వికారాబాదు పేరులోనే ఒక ప్రభువు పేరున్నది. పాయిగా వంశీయుడు, 1893 నుండి 1901 వరకు హైదరాబాదు సంస్థాన ప్రధానమంత్రి అయిన వికారుల్ ఉమ్రా పేరిట ఈ ఊరు వెలసినది. ఫలక్‌నుమా ప్యాలెసు కట్టించినవాడును ఈయనయే. 1874లో సికిందరాబాదు నుండి వాడీకి పడిన రైలుమార్గము వికారాబాదును, తాండూరును ఒకే దారమున గుచ్చినది. అయినను రెండింటి భాగ్యములు వేరు. తాండూరునకు నేలపైన కంది, నేలక్రింద నాపరాయి. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. వికారాబాదునకు అనంతగిరి కొండలు, వాని చల్లగాలి. ఆ గాలిని నమ్మియే నిజాముకాలమున అచ్చట క్షయరోగులకు ఆసుపత్రి కట్టినారు. అప్పుడు గాలికి వెల లేదు.

తెలంగాణమునకు ప్రహరీ గోడ క్రొత్తది కాదు. దొర గడికిని ఎత్తైన గోడ, పెద్ద దర్వాజా ఉండెడివి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము, 1973లో భూపరిమితి చట్టము ఆ అధికారమును సడలించినవి. పట్టణభూములకు 1976లో వేరొక పరిమితి వచ్చినది. ఈ చివరి చట్టమును కేంద్రము 1999లో ఎత్తివేయగా, ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును స్వీకరించినది. కథ మలుపు ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. 1998లోనే మాదాపూరున సైబర్ టవర్స్ లేచినవి; తరువాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చినది. నీరు, విద్యుత్తు, కాపలా ఒకే గోడలోపల సమకూర్చు గేటెడ్ కమ్యూనిటీలు పడమటి శివారున పెరిగినవి. పురపాలకసంఘము చేయవలసిన పనిని వ్యాపారి చేసి, ఆ ఖర్చును ఇంటి ధరలో కలుపుటయే దీని స్వరూపము.

ఆ అల వికారాబాదు పొలములను తాకినప్పుడు మొదట మారినది కొలత. ఎకరమునకు 40 గుంటలు; గుంటకు 121 చదరపు గజములు. రైతు ఎకరమును పంటతో తూచును. కొనువాడు గజమును రాబోవు ధరతో తూచును. రికార్డులో సాగుభూమిగానే ఉంచి గుంటల లెక్కన అమ్ము ‘ఫాం ప్లాటు’లకు తరచుగా లేఅవుటు అనుమతి ఉండదు. అనుమతి లేనిచోట పార్కునకై పంచాయతీకి వదలవలసిన స్థలమును ఉండదు. లోపలి బాటయు గేటు వెనుకదే.

మూసీ అనంతగిరిలో పుట్టి ఉస్మాన్ సాగరును చేరును. 1908 వరద పిమ్మట తలపెట్టిన ఆ చెరువు 1920లో పూర్తియైనది. 1996 నాటి 111వ ఉత్తరువు ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరుల చుట్టు పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, నివాస కాలనీలను నిషేధించినది. 2022లో ప్రభుత్వము ఆ కట్టడిని సడలించుచు వేరొక ఉత్తరువు ఇచ్చినది. అనంతగిరి ఆ హద్దుకు ఎగువన, మొదటినుండి వెలుపలనే ఉన్నది. నదికి పుట్టినింట లేని రక్షణ మెట్టినింట కల్పించినారన్నమాట! కొండమీది అడవికి అటవీచట్టము అండ కలదు. క్రింది పొలములకు అదియు లేదు.

పొలము చేతులు మారునప్పుడు పట్టాదారు డబ్బు కండ్ల జూచును. ఆ పొలమును కౌలుకు చేసినవాడు, కలుపు తీసిన కూలి, కోతల పిదప అందులో గొఱ్ఱెలను మేపుకొనినవాడు — వీరి పేర్లు విక్రయపత్రమున రావు. గోడ లేచిన మరునాటి నుండి మంద చుట్టు తిరిగి పోవలసినదే.