బ్యాటరీల చార్జు నిల్వ పరీక్ష

రీచార్జి చేయదగిన బ్యాటరీని పూర్తిగా నింపి, కొంతకాలము వాడకుండా ఉంచిన తరువాత అందులో ఎంత విద్యుత్తు మిగిలి ఉన్నదో కొలిచే విధానమును చార్జు నిల్వ పరీక్ష అంటారు. ఏ పరికరమునకూ తగిలించకపోయినా, లోపల జరిగే రసాయన చర్యల వలన బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది. దీనికి స్వీయ ఉత్సర్గము అని పేరు.

కాకినాడ జిల్లాలోని ఉప్పాడ (2022 వరకు తూర్పు గోదావరి జిల్లా) వంటి మత్స్యకార గ్రామములలో ఈ సమస్య ఏటా ఎదురవుతుంది. తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధము. దీపాలకు, జీపీఎస్‌కు, వీహెచ్ఎఫ్ రేడియోకు విద్యుత్తునిచ్చే బ్యాటరీ నడివేసవిలో రెండు నెలలు పనిలేక పడి ఉంటుంది. వేట మొదలైన రాత్రి నడిసముద్రములో రేడియో మూగబోతే ఒడ్డుకు కబురు చేరదు.

పరీక్షా విధానము

ముందుగా బ్యాటరీని నింపి, స్థిరమైన కరెంటుతో ఖాళీ చేసి అసలు సామర్థ్యమును కొలుస్తారు. మళ్ళీ నింపి, తీగలు విడదీసి, నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉంచుతారు. గడువు ముగిశాక, నింపకుండానే, అదే కరెంటుతో ఖాళీ చేస్తారు. మొదట 100 ఆంపియర్-గంటలు ఇచ్చిన బ్యాటరీ ఇప్పుడు 80 ఇస్తే నిల్వ 80 శాతము. ఆ పిమ్మట మరొకసారి నింపి కొలవాలి. తిరిగి 100 వస్తే పోయినది తాత్కాలికము. 90 దగ్గరే ఆగితే 10 శాతము శాశ్వతముగా పోయినట్లే. ఈ చివరి మెట్టును చాలామంది వదిలివేస్తారు గాని, బ్యాటరీని ఉంచుకోవాలో మార్చుకోవాలో తేల్చేది ఇదే.

నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటములకు ఐఈసీ 61951-2 అనే అంతర్జాతీయ ప్రమాణము ఉన్నది. దాని ప్రకారము సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 రోజులు ఉంచిన ఘటము, 5 గంటలలో ఖాళీ చేయదగిన కరెంటును కనీసము 3 గంటలు ఇవ్వాలి. 2005లో జపానుకు చెందిన శాన్యో సంస్థ విడుదల చేసిన ఎనెలూప్ రకము ఘటములు ఇంతకంటే ఎంతో మెరుగు.

ఉష్ణోగ్రత ప్రభావము

ఉప్పాడలో మే నెల 20 డిగ్రీలలో ఉండదు. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు స్వీయ ఉత్సర్గము దాదాపు రెట్టింపు అవుతుంది. 25 డిగ్రీల వద్ద నెలకు 10 శాతము కోల్పోయే పాత సీసపు బ్యాటరీ 35 డిగ్రీల వద్ద నెలకు 20 శాతము కోల్పోతుంది. నిషేధము ముగిసేసరికి మూడవ వంతుకు పైగా పోతుంది. అట్లే వదిలివేస్తే పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జి చేసినా కరగదు. తాత్కాలిక నష్టము శాశ్వతముగా మారేది ఇక్కడే.

పడవ బ్యాటరీల విషయములో

సీసపు బ్యాటరీని పదేపదే పూర్తిగా ఖాళీ చేయడము దానికే హాని. కనుక వోల్టుమీటరుతో చూడడము వాడుక. చార్జింగు ఆపి కొన్ని గంటలు ఆగిన తరువాత 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుండి 12.7 చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 అంటే సగము. అయితే అరిగిపోయిన బ్యాటరీ కూడా 12.6 చూపగలదు, దీపము వేయగానే పడిపోతుంది. అందుచేత కొంతసేపు దీపము వెలిగించి మీటరును గమనించడము మేలు.

నెలకొకసారి చార్జి చేయడము, తీగలు విడదీసి ఉంచడము అవసరము. మూతపై పేరుకున్న ఉప్పుచెమ్మ రెండు ధ్రువముల మధ్య కరెంటును కొంత పారనిస్తుంది కాబట్టి దానిని తుడిచి ఆరనివ్వాలి. సిమెంటు నేలపై పెడితే చార్జు దిగిపోతుందన్న నమ్మకము పాతకాలపు కొయ్య, రబ్బరు పెట్టెల నాటిది. నేటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. లిథియం-అయాన్ బ్యాటరీల సంగతి వేరు. వాటిని నిండుగా కాక, దాదాపు సగము చార్జుతో చల్లని చోట ఉంచాలి.