ఫోన్ చేయడంతోనే బాధ్యత తీరదు
108 వాహనం వచ్చేవరకు ఏం చేయాలంటే...

రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తిని చూసి దారిన పోయేవారు 108కు ఫోన్ చేస్తారు. తమ వంతు పని అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. కొద్దిసేపటికి ఘటనా స్థలం తెలియక అంబులెన్సు సిబ్బంది అదే నంబరుకు ఫోన్ చేస్తే సమాధానం ఉండదు. ఇలా వృథా అయ్యే ప్రతి నిమిషమూ క్షతగాత్రుని ప్రాణాల మీదకు తెస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలు మారుమూల పల్లెలకూ చేరాయి. పోలీసు, అగ్నిమాపక, వైద్య సాయం మూడింటికీ 112కు ఫోన్ చేసే వీలు కూడా ఉంది. అయితే వాహనం సకాలంలో చేరడం ఫోన్ చేసినవారి సహకారంపైనే ఆధారపడి ఉంటుంది.

ఫోన్ పెట్టేసే ముందు

అవతలి సిబ్బంది చెప్పేవరకు ఫోన్ పెట్టేయరాదు. గ్రామం, మండలం పేర్లతో పాటు దగ్గరలోని గుడి, బడి, వాటర్ ట్యాంకు వంటి గుర్తులు చెప్పాలి. జాతీయ రహదారిపై అయితే కిలోమీటరు రాయిపై ఉన్న అంకెను, ఏ ఊరి వైపు వెళ్లే మార్గమో కూడా తెలపాలి. డివైడరుకు అవతలి వైపు వచ్చిన వాహనం చాలా దూరం తిరిగి రావలసి ఉంటుంది.

వాహనం వచ్చేలోగా

* ఫోన్ చేసిన నంబరును ఖాళీగా ఉంచాలి. బంధువులకు మరో ఫోన్ నుంచి సమాచారం ఇవ్వాలి. కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చినా తప్పక మాట్లాడాలి.

* ఒకరు బాధితుని వద్ద ఉండి, మరొకరు రోడ్డు మలుపులో నిలబడి దారి చూపాలి. రాత్రివేళ టార్చిలైటు ఊపాలి.

* ఇంట్లో రోగి ఉంటే గేటు తెరిచి ఉంచి, పాత మందుల చీటీలు సిద్ధం చేసుకోవాలి.

* పరిస్థితి విషమిస్తే మళ్లీ ఫోన్ చేయాలి. వేరే వాహనంలో తరలిస్తే ఆ సంగతీ చెప్పాలి. ఆ అంబులెన్సు మరొకరికి ఉపయోగపడుతుంది.

ప్రథమ చికిత్సలో జాగ్రత్తలు

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గాయంపై గట్టిగా అదిమి పట్టాలి. స్పృహ లేనివారికి నీళ్లు తాగించరాదు. మెడ, వెన్నెముకకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, అక్కడ మంటలు, వాహనాల తాకిడి వంటి ముప్పు లేనంతవరకు కదిలించరాదు. స్పృహ, శ్వాస రెండూ లేకుంటే ఛాతీ మధ్యభాగంలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కాలి. పాము కాటు వేస్తే కట్లు బిగించడం, గాయం కోయడం ప్రమాదకరం. కాటు పడిన చెయ్యి లేదా కాలు కదలకుండా చూడాలి. విద్యుదాఘాతమైతే ముందుగా మెయిన్ ఆపాలి. అంతవరకు బాధితుని తాకరాదు.

కేసుల భయం వద్దు

పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామని చాలామంది వెనుకంజ వేస్తున్నారు. ఆ భయం అక్కర్లేదు. రోడ్డు ప్రమాద బాధితులకు సాయపడేవారి రక్షణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ద్వారా 134ఎ సెక్షన్ చేరింది. సదుద్దేశంతో సాయం చేసిన వ్యక్తిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవని అది చెబుతోంది. 2020 నాటి నిబంధనల మేరకు పేరు, చిరునామా వెల్లడించాలని పోలీసులు ఒత్తిడి చేయరాదు. కాబట్టి అంబులెన్సు సిబ్బందికి బాధితుని అప్పగించేవరకు నిర్భయంగా అక్కడే ఉండవచ్చు.