జిరో లోయ - మార్లవాయి

భారతదేశపు ఈశాన్య సీమలో, అరుణాచల ప్రదేశమందలి దిగువ సుబన్‌సిరి జిల్లాలో, సముద్రమట్టమునకు 1,500 మీటర్లకు పైబడిన యెత్తున జిరో లోయ కలదు. అస్సాము మైదానమును విడిచి, ప్రవేశానుమతి పత్రమును చూపి, అడవికొండల మలుపులెన్నియో దాటిన బాటసారికి హఠాత్తుగా చదునైన వరిపొలములు కానవచ్చును. కొండలలో పోడు తప్ప వేరు సేద్యముండదని తలచి వచ్చిన తెలుగువానికి ఆ మడులను చూడగానే కోనసీమ జ్ఞప్తికి వచ్చును.

ఈ లోయవాసులు అపతానీలు. హోంగ్, హరి, బుల్లా, దుత్తా, హిజా, ముదాంగ్-తాగే, మిచీ-బామిన్ అనునవి వారి ప్రాచీన గ్రామములు. వారి సంప్రదాయ సేద్యమున నాగలి లేదు, కాడి లేదు. చేతి పనిముట్లతోనే నేలను సరిచేసి, కొండవాగులను కాలువలుగా మళ్ళించి, మడినుండి మడికి నీరు దింపుదురు. గట్లపై చోళ్ళు నాటుదురు. 1960 తరువాతి దశకమునుండి ఆ మడులలోనే చేపలను కూడ పెంచుచున్నారు. ఊళ్ళ చుట్టునున్న వెదురుతోటలు తమంత మొలిచినవి కావు. తరతరములుగా నాటి కాపాడినవి. ఇండ్లకు కావలసిన వెదురు అచటిదే.

తగవులను బులియాంగ్ అనబడు వంశపెద్దలు తీర్చెడివారు. వసంతారంభమున జరుగు మ్యోకో పండుగను గ్రామములు మూడు జట్లుగా ఏర్పడి, ఏటికొక జట్టు చొప్పున జరిపి, తక్కినవారికి ఆతిథ్యమిచ్చును. అయితే ఈ సమాజము దోషరహితము కాదు. పూర్వము వారిలో దొరలు, దాసులు అను భేదముండెడిది. స్త్రీల ముఖముపై పచ్చబొట్లు, ముక్కుపుటములలో బిళ్ళలు పెట్టు ఆచారమును 1970 తరువాతి తరమువారే విడిచిరి.

ఈ లోయ చరిత్రకును తెలుగునాటికిని ఒక సంబంధము కలదు. ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1939లో యుద్ధము వచ్చుటచే హైదరాబాదు సంస్థానమున నిలిచిపోవలసి వచ్చెను. ఆ నిర్బంధమునే అవకాశముగా గైకొని ఆయన చెంచులను, కొండరెడ్లను, గోండులను పరిశీలించెను. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీము ప్రాణములర్పించిన పిమ్మట, గోండుల అశాంతికి మూలమేమో నిజాం ప్రభుత్వము విచారింపదలచెను. భూమి చేజారుటయే మూలమని తేలెను. 1943లో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామమున గోండు భాషలో చదువు ఆరంభమయ్యెను. పిదప వేలాది ఎకరములకు గిరిజనుల పేర పట్టాలీయబడెను.

ఆ హైమన్‌డార్ఫే 1944లో ప్రభుత్వోద్యోగిగా జిరో లోయ చేరెను. 1897లో ఒక బ్రిటిష్ దళము వచ్చిపోయినను, లోయ అప్పటికిని పరుల పాలన యెరుగదు. 1873నాటి నిబంధనచే ఏర్పడిన ‘లోపలి రేఖ’ బయటివారిని అడ్డగించుచుండెను. దానిని గీచినవారు గిరిజనుల మేలుకంటె తమ వర్తక సౌకర్యమునే తలచిరి. అయినను స్వాతంత్ర్యానంతరము ఆ రేఖయే రక్షణయయ్యెను. 1954లో గిరిజన వ్యవహారముల సలహాదారుగా వచ్చిన వెరియర్ ఎల్విన్, ప్రధాని నెహ్రూ ఆదరణతో, భూమిపైనను అడవిపైనను గిరిజనుల హక్కును మన్నించు విధానమును బలపరచెను.

దశాబ్దములు గడచిన పిమ్మట హైమన్‌డార్ఫ్ రెండు తావులను మరల దర్శించెను. జిరోలో బడులు, దుకాణములు, కచ్చేరీలు వెలసెను. అపతానీ యువకులు అధికారులైరి. భూమి చేతులు మారినను వారి నడుమనే మారెను. ఆదిలాబాదులోనో, బాటలు పడినకొలది వలసదారులు వచ్చిరి. 1959నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణమునకు వర్తించినను, 1970లో మరింత కట్టుదిట్టమైనను, గోండుల పొలములనేకము అప్పటికే పరాధీనమయ్యెను. 1982లో వెలువడిన తన గ్రంథమున ఆయన ఈ వ్యత్యాసమును ఆవేదనతో వివరించెను.

బాట వచ్చుట లోయకు చేటు కాదు, రాకుండుట మేలు కాదు. బాట వచ్చునాటికి పొలముపై హక్కు ఎవరిదై యున్నది, ఆ హక్కును కాచు ఉద్యోగి మెలకువతో నున్నాడా యన్నదే ప్రశ్న. మార్లవాయిలో చట్టమున్నను కాపు చాలలేదు. జిరోలో రెండును కలిసివచ్చెను.

హైమన్‌డార్ఫ్ భార్య 1987లో మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేయబడెను. ఆయన 1995లో గతించెను. ఆయన అస్థులను 2012లో ఆమె చెంతనే యుంచిరి. అపతానీల లోయ 2014లో ప్రపంచ వారసత్వపు ప్రతిపాదిత పట్టికకెక్కెను. లోయ యందమును చూడవచ్చువారు పండుగను, వెదురుతోటను చూచి మురియుదురుగాక. వాటినన్నిటిని నిలిపినది పాదముల క్రింది ఆ మడిచెక్కయేనని మరువరాదు.