షెడ్డుకు రాని బండి: ఆటోనగర్ తీర్పుల్లో ఎంపిక దోషం

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ పని చేసే షెడ్డు దగ్గర కాసేపు నిలబడితే ఒక రకం మాట వినపడుతుంది. ఫలానా కంపెనీ లారీకి క్రౌన్ పినియన్ నిలవదు, ఫలానా మోడలుకు ఏడాది తిరక్కుండానే క్లచ్ ప్లేటు పోతుంది. చెప్పేది చేయి తిరిగిన మేస్త్రి, చెబుతున్నది కళ్లారా చూసినది. ఆ మాట మీద భరోసాతోనే లారీ ఓనరు అప్పు చేసి కొత్త చాసీ ఎంచుకుంటాడు. ఆ మాట తప్పయితే, తప్పు మేస్త్రి బుద్ధిలో ఉందా, ఆయన ముందుకు వచ్చే బండ్లలో ఉందా? బండ్లలోనే ఉందని నా వాదన.

ఆలోచనా దోషాల అధ్యయనానికి ఈ తరంలో బాట వేసింది 1974లో ‘సైన్స్’ పత్రికలో ఆమోస్ ట్వర్‌స్కీ, డానియల్ కానమన్ రాసిన వ్యాసం. తేలిగ్గా గుర్తొచ్చే సంగతిని తరచుగా జరిగే సంగతిగా లెక్కవేస్తామన్నది అందులో ఒక ముఖ్యాంశం. ఆ తరువాత దోషాల జాబితా చాంతాడంత పెరిగింది. మనిషి బుర్రే లోపాల పుట్ట అన్న అభిప్రాయమూ దానితో పాటు బలపడింది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ దీన్ని గట్టిగా ఎదిరించారు. ఆటోనగర్ విషయంలో నేను ఆయన పక్షానే ఉంటాను. ఇంజను శబ్దం విని లోపం ట్యాపెట్లలోనా, బేరింగులోనా అని చెప్పే మేస్త్రిది గుడ్డి ఊహ కాదు. విప్పి చూస్తే ఆ పూటే నిజం తేలుతుంది. అలా వేలసార్లు తేలిన జ్ఞానం అది. నైపుణ్యం నుంచి పుట్టే సహజస్ఫూర్తిని ఎప్పుడు నమ్మవచ్చో 2009లో కానమన్, గ్యారీ క్లైన్ కలిసి రాశారు. పరిస్థితుల్లో నిలకడైన క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకునే అవకాశం, అంటే తీర్పు తప్పో ఒప్పో తెలిసే వీలు ఉండాలి. శబ్దానికి ఈ రెండూ కుదిరాయి. కంపెనీల మీద ఇచ్చే తీర్పుకు రెండోది కుదరలేదు.

ఎందుకు కుదరలేదో చెప్పే గణితం ఈ ప్రాంతంలో చదువుకున్న మనిషిదే. నూజివీడు, నందిగామ బడుల్లో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు 1965లో, సమాచారం మన చేతికి వచ్చే పద్ధతే ఆ సమాచారం ఆకారాన్ని ఎలా మారుస్తుందో విశ్లేషించారు. అంతకుముందు 1934లో ఆర్.ఎ. ఫిషర్ వంశపారంపర్య లక్షణాల సందర్భంలో ఈ చిక్కును ఎత్తి చూపారు. లక్షణం ఉన్న బిడ్డ ఒక్కరైనా ఉంటేనే ఆ కుటుంబం వైద్యుడి లెక్కలోకి వస్తుంది, లేని కుటుంబం రాదు. రావు దాన్ని విస్తరించి ‘భారిత విభాజనాల’ సిద్ధాంతంగా నిలబెట్టారు. తర్వాత వాల్తేరు, తిరుపతి, హైదరాబాదు వంటి చోట్ల మగ విద్యార్థులను అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడిగి సేకరించిన సమాచారంతో దాన్ని కళ్లకు కట్టించారు.

ఆ లెక్కను చిన్నది చేసి చూద్దాం. ఇద్దరేసి పిల్లలున్న నాలుగు ఇళ్లు: ఒకదానిలో ఇద్దరూ మగపిల్లలు, రెండింటిలో ఒక మగ, ఒక ఆడ, నాలుగోదానిలో ఇద్దరూ ఆడపిల్లలు. మగపిల్లల్నే అడిగితే నాలుగో ఇల్లు అసలు లెక్కకే రాదు, మొదటి ఇల్లు రెండుసార్లు వస్తుంది. జవాబులన్నీ కూడితే మగవారు 6, ఆడవారు 2. ఉన్నది సగం సగం, వినపడింది మూడొంతులు. జవాబు చెప్పిన ప్రతివాడూ తనను తాను తీసేస్తే 2కు 2, లెక్క సరిపోతుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్‌లోనూ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక కంపెనీ లారీలు ఈ ప్రాంతంలో వెయ్యి, మరో కంపెనీవి రెండు వందలు తిరుగుతున్నాయనుకుందాం. రెండింటికీ ఏడాదిలో నూటికి 5 చొప్పున గేర్‌బాక్సులు పోతే షెడ్డుకు మొదటివి 50, రెండోవి 10 చేరతాయి. మేస్త్రికి మొదటి కంపెనీ ఐదింతలు నాసిగా కనబడుతుంది. కారణం అవి ఎక్కువ అమ్ముడుపోవడమే. వారంటీ దీనికి తోడు. కొత్త బండి కంపెనీ సర్వీసుకు పోతుంది, గడువు తీరాకే ఆటోనగర్ ముఖం చూస్తుంది. తొలినాళ్ల లోపాలు ఇక్కడి అనుభవంలోకి ఎక్కవు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసులో చేపలు వేసుకుని బెంగాల్, అస్సాం వెళ్లే లారీ దారిలో ఆగిపోతే అక్కడికక్కడే బాగు చేయించుకుంటుంది, సరుకు పాడవుతుంది కనుక. మెల్లగా ముదిరే జబ్బులే బెజవాడ దాకా వస్తాయి. ఇంకొకటి, షెడ్డులో పది రోజులు పడి ఉన్న బండి దారిన పోయే పది రోజులూ కనిపిస్తుంది, గంటలో బాగుపడినది ఒక్కసారే. అందువల్ల పెద్ద మరమ్మతులు ఉన్నదానికన్నా ఎక్కువగా జరుగుతున్నట్టు అనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, కొలంబియా విశ్వవిద్యాలయంలోని సంఖ్యాశాస్త్ర బృందంలో అబ్రహాం వాల్డ్ ఎదుర్కొన్నది ఈ ఎంపిక దోషానికే మరో ముఖం. తిరిగొచ్చిన విమానాల దెబ్బలను బట్టి, తిరిగిరాని వాటి సంగతి అంచనా కట్టాలి.

మన మేస్త్రికి తిరిగిరాని బండి మరింత చిక్కు తెస్తుంది. బాగుచేసి పంపిన లారీ మళ్లీ రాకపోతే పని నిలిచిందనుకుంటాడు. అది నిజంగా నిలిచి ఉండవచ్చు, ఓనరు ఇంకో షెడ్డుకు వెళ్లి ఉండవచ్చు, బండినే అమ్మేసి ఉండవచ్చు. మూడింటికీ ఒకే మౌనం. ఆ మౌనాన్ని మెచ్చుకోలుగా తీసుకోవడం మానవ సహజం, ఎంత తెలివైనవాడికైనా అంతే. పైగా డ్రైవరు బండిని తెచ్చేది మైలేజీ మరీ పడిపోయిన రోజుల్లో. అందులో కొంత లోడువల్ల, ఎండవల్ల, రోడ్డువల్ల వచ్చిన హెచ్చుతగ్గు. ఏమీ చేయకపోయినా కొంత మెరుగుపడుతుంది. ఆ మెరుగు పేరు మాత్రం ఆ రోజు పోసిన ఆయిలుకో, మార్చిన ఫిల్టరుకో దక్కుతుంది.

కాబట్టి మేస్త్రిని శిక్షణ తరగతిలో కూర్చోబెట్టి దోషాల పేర్లు వల్లె వేయిస్తే ఒరిగేది తక్కువ. రావు తన లెక్కలో ఒకటి తీసేయగలిగారంటే, జవాబులు ఏ దారిన వచ్చాయో ఆయనకు తెలుసు గనకే. షెడ్డుకూ ఆ దారి తెలియాలి. బిల్లు పుస్తకంలో రేటు, పార్టు పేరుతో పాటు బండి వయసు, తిరిగిన కిలోమీటర్లు, చెడిపోయిన చోటు రాయాలి. మూడు నెలలకు ఓనరుకు ఒక ఫోను చేయాలి. రవాణా శాఖ రిజిస్ట్రేషన్ల నుంచి ఆ మోడలు బండ్లు జిల్లాలో ఎన్ని తిరుగుతున్నాయో తీసుకోవాలి. షెడ్డుకు వచ్చినవాటిని ఈ సంఖ్యతో భాగించి, వారంటీలో ఉన్నవాటిని, దారిలో బాగుపడినవాటిని సవరించాకే క్రౌన్ పినియన్ మీద కంపెనీలను పోల్చడం మొదలవుతుంది.